హైదరాబాద్ నుంచి విజయవాడకు సేవా సైకిల్ యాత్ర: బయల్దేరే ముందు జాగ్రత్తలు

పిల్లల వైద్యానికో, ఒక ఊరి బడికో విరాళాలు పోగుచేస్తూ ఇరవై ముప్పై మంది కలిసి సైకిళ్ల మీద విజయవాడ వెళ్లడం కష్టమైన పనే. అయినా సాధన చేస్తే మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లు చేయగలరు. 65వ నంబరు జాతీయ రహదారి మీద దూరం సుమారు 270 కిలోమీటర్లు. సూర్యాపేట దాదాపు సగం దారిలో ఉంటుంది కాబట్టి రాత్రి బస అక్కడ పెట్టుకుంటే రెండు రోజుల్లో చేరుకోవచ్చు.

మామూలు రైడ్‌లో ఒంట్లో బాగా లేకపోతే మనిషి ఆగిపోతాడు. సేవా యాత్రలో ఆగడు. నా పేరు మీద ఇంతమంది డబ్బు ఇచ్చారే, వ్యాన్ ఎక్కితే ఏమనుకుంటారో అని, కళ్లు తిరుగుతున్నా తొక్కుతూనే ఉంటాడు. అందుకే మొదటి జాగ్రత్త డబ్బు దగ్గరే తీసుకోవాలి. కిలోమీటరుకు ఇంత అని విరాళం అడగొద్దు. యాత్ర మొత్తానికి ఇంత అని అడిగి, బయల్దేరే రోజుకల్లా అది సంస్థ ఖాతాలో పడేలా చూడండి. ఎవరి సొంత ఫోన్ నంబరుకో కాకుండా సంస్థ పేరున్న క్యూఆర్ కోడ్‌కే డబ్బు వెళ్లాలి, రసీదు అక్కడి నుంచే రావాలి. మనిషి దారి మొదట్లో చౌటుప్పల్‌లోనే ఆగినా, విజయవాడ చేరినా పిల్లలకు అందేది ఒకటే అని అందరికీ ముందే తెలిస్తే, అలసినవాడు మొహమాటం లేకుండా చెయ్యెత్తుతాడు.

తేదీలు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. అందులోనూ సంక్రాంతికి ముందు వారం, తర్వాత వారం వద్దే వద్దు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి, నిద్ర లేని డ్రైవర్లు ఎడమ అంచు మీదికీ వస్తారు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి ఫిబ్రవరి ప్రాంతంలో జరిగే పెద్దగట్టు జాతరప్పుడు ట్రాఫిక్ మళ్లిస్తారు, ఆ తేదీలూ చూసుకోండి. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది, మనం వెళ్లేదీ అటే. హైదరాబాద్ ఎత్తులో ఉంది, విజయవాడ పల్లంలో ఉంది, అంతా దిగుడే కదా అనుకుని లెక్కలు వేసేవాళ్లు ఈ ఎదురుగాలి దగ్గరే దెబ్బ తింటారు. గంటకు 20 కిలోమీటర్లు తొక్కగలిగినవాళ్లు 17 లెక్కన ప్లాన్ వేసుకోవాలి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది. రోడ్డు పక్కన వరుసగా నాలుగు కరెంటు స్తంభాలు కనిపించేదాకా బయల్దేరొద్దు.

దారిలో రంగారెడ్డి, యాదాద్రి భువనగిరి, నల్గొండ, సూర్యాపేట, ఎన్టీఆర్ జిల్లాలు వస్తాయి. రూటు, సమయాలు, మనుషుల సంఖ్య రాసిన ఉత్తరం ప్రతి జిల్లా పోలీసులకూ ముందే అందాలి. రెండు రోజుల ముందు ఇద్దరు కారులో దారంతా చూసి రావాలి. రోడ్డు పనులు, మళ్లింపులు, కొత్తగా పడ్డ గుంతలు అప్పుడే తెలుస్తాయి.

సాధనకు కనీసం ఎనిమిది వారాలు కావాలి. యాత్రకు రెండు వారాల ముందు ఒక శని, ఆదివారాలు వరసగా 90, 70 కిలోమీటర్లు తొక్కి చూడండి. ఒక్కరోజు 100 తొక్కినవాడికి కూడా మర్నాడు సీటు మీద కూర్చోవడమే కష్టమవుతుంది, ఆ అనుభవం ఇంటి దగ్గరే రావాలి. చివరి వారం సగానికి తగ్గించండి. కొత్త సీటు, కొత్త బూట్లు, కొత్త టైర్లు ఆ వారంలో మార్చొద్దు. బీపీ, షుగర్, గుండె మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంగతి గుంపు పెద్దకు తప్పకుండా తెలియాలి.

సీటు ఎత్తు చూడాలంటే పెడల్ కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెట్టండి. మోకాలు పూర్తిగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి అప్పుడు సరిపడా వంపు వస్తుంది. సీటు కిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పి పుడుతుంది, మరీ పైకి ఉంటే నడుము అటూ ఇటూ ఊగి ఒరుసుకుపోతుంది. ప్యాడ్ ఉన్న షార్ట్ లోపల డ్రాయరు వేసుకోవద్దు, కుట్లే తొడల్ని కోస్తాయి. వేజలిన్ రాసుకోండి. యాత్ర కోసం కుట్టించిన కాటన్ టీషర్టులు ఫోటోకి బాగుంటాయి కానీ చెమటకు తడిసి బరువెక్కుతాయి, పాలిస్టర్‌వి కుట్టించండి. చున్నీలు, హ్యాండిల్‌కి కట్టే జెండాలు, బ్యానర్లు చక్రంలో చుట్టుకుంటాయి. అవి వ్యాన్‌లో ఉండాలి.

ఈ దారిలో పంక్చర్ ఎక్కువగా మేకు వల్ల కాదు, వెంట్రుక లాంటి ఉక్కు తీగ వల్ల. లారీ టైరు పగిలినప్పుడు దాని లోపలి తీగలు ముక్కలై రోడ్డు అంచున పడతాయి. మనం తొక్కేదీ ఆ అంచునే. గాలి టప్పున పోదు, పది నిమిషాలకు మెత్తబడుతుంది. ట్యూబు మార్చి, గాలి కొట్టి, తొందరగా బయల్దేరినవాడు ఐదారు కిలోమీటర్లకే మళ్లీ దిగుతాడు, ఎందుకంటే తీగ టైరులోనే ఉంది. పాత ట్యూబులో గాలి కొట్టి రంధ్రం ఎక్కడుందో చూడండి, వాల్వు నుంచి ఎంత దూరమో కొలిచి టైరు మీద అదే చోట వెతకండి. టైరు లోపల ఒక దూది ముక్కతో మెల్లగా తుడుస్తూ పోతే అది పట్టుకుని ఆగిన చోట తీగ ఉంటుంది. చిన్న ప్లయర్‌తోనో, గోళ్లు తీసే కత్తెరతోనో లాగండి, వట్టి వేళ్లతో తడమొద్దు. రోడ్డు దిగి గడ్డిలో సైకిలు పెడితే పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు గుచ్చుకుంటాయి. ఆగినప్పుడు సైకిల్ని ఎత్తి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ప్రతి ఒక్కరి దగ్గరా తమ టైరు కొలతకు సరిపోయే ట్యూబులు రెండు, టైరు ఊడదీసే లివర్లు రెండు, ప్యాచ్‌లు, చిన్న పంపు ఉండాలి. 700×25 అని రాసి ఉన్న సన్న టైరుకు (25 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు) సుమారు 90 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), 32 వెడల్పు దానికి 60 నుంచి 70, ఎంటీబీ, అంటే కొండదారి సైకిలు లావు టైరుకు 40 నుంచి 50 గాలి సరిపోతుంది. టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకె మాత్రం దాటొద్దు. ట్యూబుకు ప్రెస్టా అనే సన్న వాల్వు ఉన్నవాళ్లు పెట్రోల్ బంకులో గాలి కొట్టించుకోవాలంటే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో పెట్టుకోవాలి. బ్రేకు రబ్బర్ల మీద గాడులు అరిగిపోయి ఉంటే ముందే మార్చండి.

ఇప్పుడు గుంపు సంగతి. ఎనిమిది మందికి ఒక జట్టు, జట్టుకీ జట్టుకీ మధ్య కనీసం 200 మీటర్ల ఎడం. ముప్పై మంది ఒకే తోకలా వెళ్తే వెనక వచ్చే బస్సు మధ్యలో దూరుతుంది. ప్రతి జట్టుకూ ముందొకరు, వెనకొకరు అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్లు రెండో స్థానంలో ఉంటే జట్టు వేగం వాళ్లను బట్టి నడుస్తుంది. హైవే మీద ఒకరి వెనక ఒకరే వెళ్లాలి, కబుర్ల కోసం పక్కపక్కన తొక్కొద్దు. ఇయర్‌ఫోన్లు వద్దు.

గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఏడు మీటర్లు పోతాం. ఫోన్ వైపు ఒక్క చూపు చూసేలోపు ముందువాడు బ్రేకు వేస్తే ఇక చేసేదేం లేదు. కొత్తవాళ్లు ముందు సైకిలుకు ఒక సైకిలు పొడవంత దూరం పాటించాలి. మీ ముందు చక్రం ఎదుటివాళ్ల వెనక చక్రం పక్కకు ఎప్పుడూ చేరకూడదు. అది చేరాక వాళ్లు గుంతను తప్పిస్తూ కాస్త జరిగితే చాలు, రెండు చక్రాలు తగులుతాయి. పడేది వెనకవాళ్లే, ఎందుకంటే వాళ్లకు తగిలేది దిక్కు తిప్పే ముందు చక్రం. గుంపు ప్రమాదాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

మాటలు ముందే అనుకోండి. "గుంత", "ఆగుతున్నాం", "వెనక బండి" ఈ మూడు చాలు. ముందువాడు అన్నది ప్రతి ఒక్కరూ వెనక్కి అందించాలి. ఊళ్ల దగ్గర డివైడర్ తెరిచిన చోట్ల రాంగ్‌రూట్‌లో టూవీలర్లు ఎదురొస్తాయి, బ్రేకు మీద వేళ్లు ఉంచి మెల్లగా పోవాలి. వంతెనల మీద ఇనుప పట్టీల జాయింట్లు, టోల్‌గేటు ముందు వేగం తగ్గించే అడ్డపట్టీలు తిన్నగా దాటాలి, ఏటవాలుగా కాదు. కోతల రోజుల్లో రోడ్డు అంచున ధాన్యం ఆరబోసి ఉంటుంది, దాని మీద చక్రం జారుతుంది. కుక్క వెంటపడితే వేగం పెంచొద్దు, దిగి సైకిల్ని అడ్డం పెట్టుకుని నడవండి.

సపోర్ట్ వ్యాన్ జట్టు వెనకాలే 20 వేగంతో పాకడం మంచిది కాదు, వెనక లారీ వచ్చి దాన్నే గుద్దవచ్చు. 15 కిలోమీటర్లు ముందుకెళ్లి, రోడ్డు దిగి, నీడలో ఆగి ఉండాలి. అందరికన్నా చివర ఇంకో బండి ఉండాలి, అది అంచునే, మెరుపు లైట్లు వేసుకుని రావాలి.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, గుక్కగుక్కగా. ఉత్త నీళ్లే గంటల తరబడి తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు వస్తాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ఎంత రాసి ఉందో చూసి అంతే కలపండి, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. తిండి మొదటి గంట నుంచే మొదలవ్వాలి. గంటకొక అరటిపండు, ఒక పల్లీ చిక్కీ. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం. నూనె పూరీలు మాత్రం విజయవాడ చేరాకే.

ఎవరైనా వంకరటింకరగా తొక్కుతుంటే, లేదా అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్తుంటే, "బాగానే ఉన్నాను" అన్నా సరే దింపేయండి. నీడకు తీసుకెళ్లి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి, మాట తడబడుతుంటే 108కి ఫోన్ చేయండి. హైవే సాయానికి 1033. నొప్పి మాత్రలు వేసుకుని తొక్కొద్దు, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలకు చేటు. పడి హెల్మెట్ పగిలిందా, దెబ్బ కనిపించకపోయినా ఆ మనిషి యాత్ర అక్కడితో ముగిసినట్టే. వ్యాన్ ఎక్కినవాళ్ల పేరు మైకులో చదవొద్దు, ఫోటోలో అందరితో పాటు నిలబెట్టండి.

రెండో రోజు సాయంత్రం ఐదుకల్లా విజయవాడకు ముందు వచ్చే ఇబ్రహీంపట్నం దాటకపోతే అక్కడే ఆపి సైకిళ్లు బండికెక్కించండి. పొద్దుగూకాక అలసిన కాళ్లతో విజయవాడ ట్రాఫిక్‌లోకి దూరొద్దు. పేర్ల జాబితా పట్టుకుని ఒక్కొక్కరి మొహం చూసి టిక్కు పెట్టండి. చివరి పేరుకు టిక్కు పడ్డాకే ఆఖరి బండిని పంపించాలి.