జపాన్ వేసవి కోర్సుకు సీమ విద్యార్థి సిద్ధం కావలసిన తీరు

జపాన్ వెళ్లి ఒక వేసవి కాలం అక్కడి భాషను, సంస్కృతిని చదువుకోవాలనుకునే కర్నూలు, అనంతపురం, కడప విద్యార్థులు ముందుగా చూసుకోవలసింది క్యాలెండరును. మనకు ఎండాకాలం సెలవులు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. అక్కడి విశ్వవిద్యాలయాల వేసవి కోర్సులు ఎక్కువగా జూన్ చివర్లోనో జులై మొదట్లోనో ప్రారంభమై ఆగస్టులో ముగుస్తాయి, అప్పటికి మన కళాశాలల్లో కొత్త సెమిస్టరు పాఠాలు నడుస్తూ ఉంటాయి. జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలోని కళాశాలల్లో 75 శాతం హాజరు ఉండాలి. అంతకు తగ్గితే 65 శాతం వరకు మాత్రమే, అదీ తగిన కారణం చూపి రుసుము కడితేనే, మినహాయింపు దొరుకుతుంది. ఆరు వారాలు తరగతికి రాని విద్యార్థి ఈ లెక్కలో నెగ్గుకు రావడం కష్టం. కాబట్టి చదువు మధ్యలో వెళ్లదలచినవారు దరఖాస్తు పంపక ముందే ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. నన్నడిగితే, ఆఖరి సంవత్సరం పరీక్షలు రాసి ఉద్యోగంలోనో పీజీలోనో చేరేలోగా దొరికే ఖాళీయే దీనికి అన్నివిధాలా అనువైన సమయం.

కోర్సును ఎంచుకునేటప్పుడు విశ్వవిద్యాలయం పేరు కన్నా రోజుకు ఎన్ని గంటలు భాష నేర్పుతారు, తరగతి అయిపోయాక విద్యార్థి ఎవరి మధ్య ఉంటాడు అన్నవే ముఖ్యమైన ప్రశ్నలు. టోక్యోలో సోఫియా, వాసెడా విశ్వవిద్యాలయాలు వేసవి కోర్సులు నడుపుతాయి. టోక్యో శివారు మితాకాలోని ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూనివర్సిటీ ఆరు వారాల జపనీస్ కోర్సుకు పేరుపొందింది. ఉత్తరాన హొక్కైదో ద్వీపంలో, హకొదాతె అనే రేవు పట్టణంలో, హొక్కైదో ఇంటర్నేషనల్ ఫౌండేషన్ విద్యార్థులను స్థానిక కుటుంబాల ఇళ్లలో ఉంచి వేసవి కోర్సు నిర్వహించే పద్ధతిని ఎన్నో ఏళ్లుగా పాటిస్తోంది. సీట్లు, తేదీలు, ఫీజులు ఏటా మారుతుంటాయి కనుక వాటిని ఆయా సంస్థల ప్రకటనల్లోనే చూసుకోవాలి. టోక్యోలో ఇంగ్లీషుతోనే రోజు గడిచిపోయే ప్రమాదం ఉంది. చిన్న పట్టణంలో, అందులోనూ ఒక కుటుంబంతో కలిసి ఉంటే, ఉప్పు అడగాలన్నా జపనీస్‌లోనే అడగాలి. వాతావరణం కూడా ఆలోచించవలసిందే. టోక్యోలో జూన్ నుంచి జులై మధ్య వరకు ముసురు పడుతుంది, ఆ తరువాత ఉక్కపోత మొదలవుతుంది. అనంతపురం పొడి ఎండకు అలవాటుపడిన ఒంటికి ఆ చెమట కొత్త. హొక్కైదోలో ఆ ముసురు కాలం దాదాపు ఉండదు.

ఇక అసలు సంగతి భాష. కోర్సు మొదట్లో సాధారణంగా స్థాయిని తేల్చే పరీక్ష పెడతారు. అక్షరాలు కూడా రాకుండా వెళ్లినవారికి విలువైన తొలి వారాలన్నీ, ఇంట్లో కూర్చుని నేర్చుకోదగిన హిరగానా, కతకానా లిపులతోనే సరిపోతాయి. ఒక్కొక్క లిపిలో మూలాక్షరాలు 46; మూడు గుణింతాలు దిద్దినంత శ్రద్ధ పెడితే ఇవి పట్టుబడతాయి. ఈలోగా జపనీస్ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కాక తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. హ్రస్వ దీర్ఘాల తేడా జపనీస్‌లో అర్థాన్నే మార్చేస్తుంది: ‘ఒబసన్’ అంటే అత్త లేదా పిన్ని, ‘ఒబాసన్’ అంటే అవ్వ. ద్విత్వం కూడా అంతే: ‘కితె’ అంటే రమ్మని, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. ఇంగ్లీషు స్పెల్లింగులో ఈ తేడాలు, ముఖ్యంగా దీర్ఘాలు, తరచుగా కంటికి ఆనవు, మన లిపిలో ఎదురుగా కనిపిస్తాయి. ఇంగ్లీషువారిని తికమక పెట్టే ‘త్సు’ శబ్దం, ‘చుట్టం’, ‘చుక్క’ అన్నప్పుడు మన నోట పలికే దంత్య చకారానికి చాలా దగ్గరిది; పెదవులను గుండ్రంగా చుట్టకుండా పలికితే చాలు.

వాక్యం కట్టే తీరులోనూ తెలుగువారికి సగం పని తెలిసినదే. ‘నేను రేపు కడపకు వెళ్తాను’ అనే వాక్యం ‘వతషి వ అషిత కడప ని ఇకిమసు’ అవుతుంది. కర్త ముందు, క్రియ చివర, ఊరి పేరు వెనుక ‘కు’ స్థానంలో ‘ని’. ప్రశ్న వేయాలంటే చివర ‘క’ చేర్చాలి, మనం ‘వెళ్తారా’ అని దీర్ఘం తీసినట్టే. మనుషులకు ‘ముగ్గురు’, వస్తువులకు ‘మూడు’ అనే అలవాటు ఉన్నవారికి అక్కడి లెక్కింపు పద్ధతి కూడా వింతగా తోచదు. అయితే వాళ్లు ఇంకా ముందుకు వెళ్లి పొడవైన వాటికి ఒక ప్రత్యయం, పలుచని వాటికి మరొకటి వాడతారు. ఇంగ్లీషులో రాసిన వ్యాకరణ వివరణ చదివి, దాన్ని మనసులో తలకిందులు చేసుకుని, మళ్లీ జపనీస్‌లోకి మార్చే శ్రమ మనకు అక్కరలేదు. ఒకచోట మాత్రం తెలుగే మనల్ని పడగొడుతుంది. ‘ఇంట్లో ఉన్నాను’, ‘ఇంట్లో తింటాను’ అనే రెండింటిలోనూ మనకు ఒకే ‘లో’. అక్కడ ఉండటానికి ‘ని’, పని చేయడానికి ‘దె’: ‘ఉచి ని ఇమసు’, ‘ఉచి దె తబెమసు’. ఈ జతను మొదటి నుంచే వేరువేరు వాక్యాలుగా వల్లె వేయాలి.

ఇంటి దగ్గర నేర్చుకోవడానికి జపాన్ ఫౌండేషన్ వారి ‘మినాతో’ అనే ఆన్‌లైన్ వేదికలో ఉచితంగా చేయగల కోర్సులు ఉన్నాయి. వారే తయారుచేసిన ‘ఇరొదొరి’ పాఠ్యపుస్తకాన్ని, ఆడియోతో సహా, డబ్బు కట్టకుండా దించుకోవచ్చు. పాఠాలతో పాటు తన ఊరి గురించి అయిదారు వాక్యాలు సిద్ధం చేసుకోవడం తప్పనిసరి. జపాన్‌లో ప్రతి పరిచయమూ ఊరి ప్రశ్నతోనే మొదలవుతుంది, ‘ఇండియా’ అని ఊరుకుంటే మాట అక్కడితో తెగిపోతుంది. గండికోట లోయ గురించో, బెలుం గుహల గురించో, లేపాక్షి వేలాడే స్తంభం గురించో చెప్పగలిగితే సంభాషణ నిలబడుతుంది.

పాస్‌పోర్టును దరఖాస్తుకు చాలా ముందే తీసుకోవాలి. 90 రోజులలోపు కోర్సులకు సాధారణంగా స్వల్పకాలిక వీసా సరిపోతుంది. అంతకు మించితే అర్హతా ధ్రువపత్రాన్ని (సర్టిఫికేట్ ఆఫ్ ఎలిజిబిలిటీ) జపాన్‌లోని సంస్థ ద్వారా తెప్పించుకుని విద్యార్థి వీసాకు వెళ్లాలి. అనంతపురం వారికి బెంగళూరు దగ్గర అనిపిస్తుంది కానీ అక్కడి జపాన్ కాన్సులేట్ పరిధి కర్ణాటక వరకే. ఆంధ్రప్రదేశ్ నివాసులు చెన్నై కాన్సులేట్ కిందికి వస్తారు, దరఖాస్తు, వీసా దరఖాస్తులు స్వీకరించే వీఎఫ్‌ఎస్ కేంద్రం ద్వారా వెళ్తుంది. ప్రవేశ పత్రం, బస వివరాలు, తల్లిదండ్రుల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు ఒకదానితో ఒకటి పొంతన కుదిరేలా చూసుకోవాలి. వీసా గంటల లెక్కన వచ్చేది కాదు గనుక టికెట్టు తేదీకి ముందు తగినంత వ్యవధి పెట్టుకోవాలి. బెంగళూరు నుంచి టోక్యో నరితాకు జపాన్ ఎయిర్‌లైన్స్ నేరుగా విమానం నడుపుతుంది. స్వల్పకాలిక వీసాపై పార్ట్‌టైమ్ పని చేయడం చట్టవిరుద్ధం. ‘అక్కడ సంపాదించి ఫీజు కట్టేస్తాను’ అని ఇంట్లో మాట ఇవ్వవద్దు. అక్కడి జాతీయ ఆరోగ్య బీమా కూడా వీరికి వర్తించదు కాబట్టి ప్రయాణ బీమా ఇక్కడే చేయించుకోవాలి.

సామాను సర్దేటప్పుడు మందుల దగ్గర జాగ్రత్త అవసరం. మన మందుల షాపుల్లో మామూలుగా దొరికే కొన్ని జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్, కొన్ని దగ్గు సిరప్‌లలోని కోడీన్ నిర్ణీత పాళ్లకు మించి ఉంటే అనుమతి లేకుండా జపాన్‌లోకి తీసుకెళ్లరాదు. వైద్యుడు రాసిన మందులు ఒక నెలకు సరిపడా అయితే చీటీతో తీసుకెళ్లవచ్చు, అంతకు మించితే ముందస్తు అనుమతి పొందాలి. మాంసం ఏ రూపంలోనూ, ఊరగాయగా కూడా, తీసుకెళ్లరాదు. మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు కూడా మొక్కల తనిఖీలో ఆగిపోతాయి. వేయించి దంచిన చెనిక్కాయ పొడి మాత్రం పదిలంగా చేరుతుంది, అన్నంలోకి అక్కరకు వస్తుంది. శాకాహారులకు అసలు చిక్కు కంటికి కనిపించదు: మిసో చారు, ఉడికించిన కూరగాయలు వంటివాటికి ఆధారమైన ‘దషి’ అనే రసాన్ని తరచుగా ఎండబెట్టిన కత్సువో చేప తురుముతో కాస్తారు. కాబట్టి చేప, మాంసం, కత్సువో అనే మాటలను పొట్లాల మీద గుర్తుపట్టడం కతకానాతో పాటే నేర్చుకోవాలి, హోమ్‌స్టే కుటుంబానికి ఈ సంగతి ముందుగానే రాసి తెలపాలి.

ఆ ఇంట్లో స్నానం సంగతి చాలామందిని ఇరకాటంలో పెడుతుంది. తొట్టె బయట కూర్చుని సబ్బుతో పూర్తిగా కడుక్కున్నాకే తొట్టెలో దిగాలి. అది ఒళ్లు రుద్దుకునే చోటు కాదు, వేడినీటిలో కూర్చునే చోటు. ఇంటివాళ్లంతా ఒకరి తరువాత ఒకరు అవే నీళ్లు వాడతారు కాబట్టి పని అయ్యాక నీళ్లు వదిలేయకూడదు, మూత వేసి రావాలి. భోజనం దగ్గర చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చరాదు, ఒకరి పుల్లల నుంచి మరొకరు ముక్క అందుకోరాదు. ఈ రెండూ అంత్యక్రియలకు సంబంధించినవి. కర్మకాండల పట్టింపులు బాగా తెలిసిన మనవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. జులై 17న క్యోటోలో గియోన్ ఉత్సవ రథాలు, ఆగస్టు మొదట్లో హకొదాతె రేవు ఉత్సవం, ఆగస్టు నడిమిలో పితృదేవతలను ఇంటికి పిలిచి సాగనంపే ఒబొన్ పండుగ వస్తాయి. ఒబొన్ రోజుల్లో రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, కొన్ని దుకాణాలు మూసేస్తారు, కనుక ప్రయాణాలను ముందే ఖరారు చేసుకోవాలి.

కోర్సు ముగిసిన ఊపులోనే డిసెంబరులో జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీ రాయడం లాభదాయకం. ఈ పరీక్షలో అన్నిటికన్నా సులువైన ఎన్5 నుంచి కష్టమైన ఎన్1 వరకు అయిదు స్థాయిలు ఉంటాయి, వేసవి కోర్సు చేసివచ్చిన కొత్తవారికి ఎన్5 లేదా ఎన్4 తగినది. శ్రీసిటీలోని ఇసుజు, డైకిన్ వంటి జపాన్ సంస్థల వైపు చూసేవారికి కోర్సు పూర్తి చేసిన పత్రం ఒక్కటే కాక ఈ ధ్రువపత్రమూ చేతిలో ఉండటం మంచిది. అనంతపురం వారికి బెంగళూరు, కడప వారికి చెన్నై పరీక్ష కేంద్రాలు దగ్గర. దరఖాస్తుల గడువు విద్యార్థి ఇంకా జపాన్‌లో ఉండగానే మొదలయ్యే అవకాశం ఉంది కాబట్టి ఫోటో, గుర్తింపు పత్రాల స్కాన్ కాపీలను ఫోన్‌లో ఉంచుకుని బయలుదేరాలి.