కోనసీమలో గేమ్ కన్సోల్ పదికాలాలు నడవాలంటే

అమలాపురంలో టీవీలు, మిక్సీలు బాగుచేసే నా బల్ల మీదకి ఈమధ్య గేమ్ కన్సోళ్లు, అంటే టీవీకి తగిలించి ఆడే వీడియోగేమ్ పెట్టెలు, తెగ వస్తున్నాయి. "అంత డబ్బు పోసి కొన్నామండీ, అప్పుడే పోయింది" అని పిల్లల తండ్రులు బాధపడుతుంటే నాకూ మనసు చివుక్కుమంటుంది. మన చిన్నప్పటి క్యాసెట్ వీడియోగేమ్‌కి ఫ్యానే లేదు. ఇప్పటి సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 5 పెద్ద ఆట నడుస్తుంటే దాదాపు 200 వాట్లు లాగుతుంది, అదంతా వేడై బయటికి పోవాలి. పోకపోతే ఏమవుతుందో 2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360లో చూశాం. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి చిప్ దగ్గరి సన్నటి అతుకులు చిట్లేవి, ముందువైపు ఎర్రలైట్లు వెలిగేవి. 2007లో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని 3 ఏళ్లు చేసి, 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది.

అందుకని టీవీ స్టాండు అరలో కుక్కకండి. వెనకా పక్కలా జానెడు ఖాళీ వదలండి.

మన దగ్గర అసలు శత్రువు కరెంటు. ఈదురుగాలికి కొబ్బరిమట్ట తీగల మీద పడిందంటే సప్లై పోతుంది, తిరిగొచ్చేటప్పుడు వోల్టేజి ఎగిరిపడుతుంది. పోగానే ప్లగ్ పీకేయండి, వచ్చాక పది నిమిషాలు ఆగి పెట్టండి. రెస్ట్ మోడ్‌లో, అంటే సగం నిద్రలో, వదలకుండా పూర్తిగా ఆపండి. అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోతే లోపలి ఫైళ్లు చెడిపోవచ్చు కాబట్టి చిన్న యూపీఎస్ ఉంటే మేలు. ఎగిరిపడే వోల్టేజిని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ కొనేముందు ఇంటికి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉరుములొస్తే ప్లగ్ ఒక్కటే తీస్తే చాలదు. టీవీకి వెళ్లే హెచ్‌డీఎమ్‌ఐ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా తీయాలి, పిడుగు దెబ్బ వాటి గుండానూ వస్తుంది.

తర్వాత చెమ్మ. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి పోర్టుల్లో పచ్చటి చిలుము పడుతుంది. వర్షాకాలంలో ప్లాస్టిక్ కవరు చుట్టి దాచకండి. అప్పుడప్పుడూ ఆడిస్తుంటే ఆ వేడికే లోపలి తేమ ఆరిపోతుంది. చల్లారాక నూలుగుడ్డ కప్పితే చాలు, బొద్దింకల బెడదా కొంత తగ్గుతుంది.

దుమ్ము తీయడం మీరే చేసుకోవచ్చు. ప్లేస్టేషన్ 5 పక్క పలకలు చేత్తోనే ఊడతాయి, లోపల దుమ్ము చేరే రంధ్రాలుంటాయి, వాక్యూమ్ పెట్టి లాగండి. ఫ్యాన్ గిరగిరా తిరక్కుండా వేలితో ఆపి పట్టుకోండి. చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ, హీట్‌సింక్, మాత్రం ఊడదీయొద్దు. దాని కింద ద్రవలోహం ఉంటుంది, చుక్క బోర్డు మీద పడితే షార్టే.

చేత్తో పట్టి ఆడే కంట్రోలర్ మీది పుల్ల (స్టిక్) ముట్టుకోకుండానే బొమ్మ పక్కకి జరుగుతోందా? లోపలి కార్బన్ పట్టీ రాపిడికి అరిగింది. తుడిస్తే కొన్నాళ్లు నడుస్తుందంతే. అయస్కాంతంతో పనిచేసే హాల్ రకం పుల్ల వేయించుకోండి, అందులో ఆ రాపిడి ఉండదు.

ఒక్కటి మాత్రం ఈరోజే చేయండి, ఆటలో ఎంతదాకా వచ్చారో దాచే సేవ్‌లకు ఇంకోచోట నకలు ఉందో లేదో చూసుకోండి. ప్లేస్టేషన్ 4లో హార్డ్‌డిస్క్ స్క్రూడ్రైవర్‌తో మారుతుంది, ఆట సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతాయి. ప్లేస్టేషన్ 5లో లోపలి స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది, దాని ఆటల సేవ్‌లు విడిగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కావు. బోర్డు పోతే నేనైనా తీసివ్వలేను. సోనీకి చందా కట్టే ప్లేస్టేషన్ ప్లస్ ఉంటే సేవ్‌లు క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లో సోనీ దగ్గరికి, ఎక్కుతున్నాయో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోండి.