కాలువ శుభ్రంగానే ఉంది, మరి మలేరియా ఎక్కడిది?

సమస్య: మునిసిపాలిటీ వాళ్లు కాలువలో పూడిక తీశారు, వీధిలో పొగ కొట్టారు. అయినా ఇంట్లో ఒకరికి మలేరియా తేలింది.

మురుగులో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. అది బోదకాలు తెస్తుంది కానీ మలేరియా తేదు. మలేరియా తెచ్చేది అనాఫిలిస్. పట్టణాల్లో దాని ముఖ్యమైన రకం స్టీఫెన్సై, దానికి తేట నీళ్లే కావాలి. హన్మకొండలోనైనా కాజీపేటలోనైనా నల్లా రోజంతా రాదు కనుక ప్రతి ఇంటికీ ఓ సంపు, డాబా మీద ఓ ట్యాంకు, స్నానాల గదిలో ఓ డ్రమ్ము ఉంటాయి. కట్టుబడి జరుగుతున్న ఇంట్లో క్యూరింగ్ కోసం నిలిపిన నీళ్లూ అంతే. పొగ ఎగిరే దోమలను చంపుతుంది తప్ప ట్యాంకులోని దోమ పిల్లలను (లార్వాలను) తాకదు. దాని మీద మనకున్న నమ్మకం మాత్రం చాలా ఎక్కువ.

తేల్చుకోవడం తేలికే. మూత తీసి కాసేపు కదలకుండా ఉండండి, నీడ పడితే పిల్లలు అడుగుకు జారుకుంటాయి. తర్వాత తెల్లగిన్నెతో అంచు దగ్గర నీళ్లు ముంచి చూడండి. నీటి పైపొరకు ఆనుకుని అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్. తల కిందికి వేలాడుతుంటే వేరే జాతి. అవీ మంచివి కావు, డెంగీ దోమ పిల్లలు కూడా అలాగే వేలాడతాయి.

పరిష్కారం: మూత బిగుతుగా ఉండాలి. చాలామంది మరచిపోయేది ట్యాంకు నిండితే నీళ్లు బయటకు పోయే గొట్టం. దోమకు ఆ సందు చాలు, దానికి సన్నని జాలీ కట్టండి. డ్రమ్ములను వారానికోసారి వంచి, గోడలు రుద్ది, ఆరబెట్టాలి. మన ఎండలకు గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. వాడని బావి ఉంటే దోమ పిల్లలను తినే గంబూసియా చేపల కోసం మునిసిపల్ ఆరోగ్య సిబ్బందిని అడగండి.

సమస్య: ఒక రోజు చలిజ్వరం, మరునాడు బాగానే ఉంది, మూడోనాడు మళ్లీ వణుకు.

వైవాక్స్ అనే రకం మలేరియాలో ఇలా కావచ్చు. మందుల దుకాణంలో మాత్ర కొనడం కాదు, రక్తపరీక్ష చేయించాలి. ములుగు, భూపాలపల్లి అడవి పల్లెలకు వెళ్లివచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. అక్కడినుంచి తెచ్చుకున్న జ్వరమైతే ఇంటి ట్యాంకు ఎంత కడిగినా లాభం లేదు.

సమస్య: తగ్గిన మలేరియా నెలల తర్వాత తిరగబెట్టింది.

కొత్త దోమ కుట్టకుండానే ఇలా జరగవచ్చు. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుంటుంది. దానికి ప్రిమాక్విన్ 14 రోజులు వాడాలి. జ్వరం దిగగానే మాత్రలు అటకెక్కుతాయి, చిక్కంతా అక్కడే. అయితే గర్భిణులకు ఆ మందు ఇవ్వకూడదు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవారికి ప్రమాదం. కనుక డాక్టరు చెప్పనిదే వాడవద్దు.

జ్వరంతో పాటు మతి తప్పడం, ఫిట్స్, కళ్లు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం కనిపిస్తే ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ముదిరి ఉండవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.