షుగర్ ఉన్న పెద్దవాళ్లకు కిడ్నీలు ఎందుకు దెబ్బతిన్నాయో తెలుసుకోవడం ఎలా?

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 4 దాటిందనగానే ఇంట్లో వినపడే మాట ఒకటే: "ఇరవై ఏళ్ల షుగర్ కదా, ఇంకేముంది!" చాలాసార్లు అది నిజమే. కానీ షుగర్ కిడ్నీలను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తినేస్తుంది. రెండు వారాల్లో పడిపోయాయంటే ఇంకేదో తోడైందని అనుమానించాలి. అలా తోడయ్యేవాటిలో కొన్నిటిని సరిచేయొచ్చు, అందుకే ఈ వెతుకులాట.

1. పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టి, క్రియాటినిన్ అంకెలు ఒక కాగితం మీద రాయండి. 1.3, 1.6, 2.1 అని ఏళ్లమీద పెరిగితే పాత జబ్బు. పోయిన నెల 1.4 ఉండి ఇవాళ 4.2 అయితే కథ వేరు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చూసే పరీక్ష కూడా వెతకండి. 30 లోపు ఉండాల్సింది ఏళ్లుగా ఎక్కువ వస్తూ, కంటి రెటీనా కూడా దెబ్బతిని ఉంటే వేలు షుగర్ వైపే చూపిస్తుంది. అవి రెండూ బాగుంటే "మరి వేరే కారణమా?" అని డాక్టరుగారిని అడగండి.

2. మందుల సంచి బోర్లించండి. నోటిమాట నమ్మొద్దు. మా పెదనాన్న "షుగర్ బిళ్ల, బీపీ బిళ్ల తప్ప ఏమీ వేసుకోను" అన్నారు. దిండు కింద డైక్లోఫెనాక్ స్ట్రిప్పు దొరికింది, పదిలో రెండే మిగిలాయి. మోకాళ్లకని మందుల షాపులో తెచ్చుకున్నారట. ఆయన లెక్కలో అది మందు కాదు, "నొప్పి బిళ్ల". ఇలాంటివి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు, నీరు తీసే బిళ్ల కూడా వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ. అలాగని బీపీ మందు మీరే ఆపేయకండి. భస్మాలు, నాటు మందులు, ఈమధ్య డై ఎక్కించి తీసిన స్కాన్లు, యాంజియోగ్రామ్ కూడా రాసుకోండి.

3. గత రెండు మూడు వారాలు ఎలా గడిచాయో అడగండి. వాంతులు, విరేచనాలు, జ్వరం, ఎండదెబ్బ, కాలి పుండు, మూత్రంలో మంట. ఒంట్లో నీరు తగ్గినా, ఇన్ఫెక్షన్ ముదిరినా కిడ్నీ కుంగిపోతుంది.

4. మూత్రం ధారగా వస్తోందా, చుక్కలు చుక్కలుగానా? ఇది తాతయ్యలు కోడలితో చెప్పరు. కొడుకో మనవడో విడిగా అడగాలి. ప్రోస్టేట్ పెరిగి దారి మూసుకుంటే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు ఉబ్బుతాయి. అల్ట్రాసౌండ్‌లో ఇది తెలిసిపోతుంది. ట్యూబ్ వేస్తే చాలామందికి తేడా కనిపిస్తుంది.

5. ఏ ఊరో కూడా డాక్టరుగారికి చెప్పండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగర్, బీపీ లేనివాళ్లకూ కిడ్నీలు పోతున్నాయి.

6. షుగర్ దానంతటదే తగ్గిపోతోందా? సంబరపడకండి. కిడ్నీ పనిచేయకపోతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. రాత్రి చెమటలు పట్టి, మాట తడబడితే షుగర్ చూడండి. షుగర్ పడిపోయి ఉంటే, మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్లు పట్టండి. డోసు మార్చాలేమో ఆ రోజే అడగండి.

మూత్రం ఆగినా, ఆయాసం వచ్చినా, మత్తుగా పడుకున్నా కాగితాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో నీరసమని కొబ్బరినీళ్లు పట్టకండి, అందులోని పొటాషియం ఈ స్థితిలో గుండెకే ప్రమాదం.