చెరకు రసం, రెండు గిన్నెలు: భౌతిక, రసాయన మార్పుల్ని ఇంట్లోనే పిల్లలకు చూపించే పద్ధతి

భౌతిక మార్పు అంటే ఏమిటని మా బడిలో ఏడో తరగతి పిల్లల్ని అడిగితే "వెనక్కి తేగలిగేది" అంటారు. రసాయన మార్పు అంటే "వెనక్కి తేలేనిది" అంటారు. మార్కులు పడతాయి గానీ ఈ జవాబు చాలదు. కాగితం చింపితే మళ్లీ అతుక్కోదు. అయినా ఆ ముక్కలు కాగితమే, కాబట్టి మార్పు భౌతికమే. సున్నపురాయిని కాలిస్తే పొడిసున్నం అవుతుంది, దానికి నీళ్లు పోస్తే తడిసున్నం అవుతుంది, ఆ సున్నం గోడకు కొడితే గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిలోని పదార్థంగానే మారుతుంది. మూడూ రసాయన మార్పులే. అయినా బయల్దేరిన చోటికే వచ్చి చేరాం. అందుకే నేను పిల్లల చేత ఒక్క ప్రశ్నే అడిగిస్తాను: ఇప్పుడు మన ముందున్నది పాత పదార్థమేనా, కొత్తదా?

ఈ ప్రశ్నకు చెరకు రసమంత బాగా జవాబు చెప్పే వస్తువు ఇంకోటి నాకు కనబడలేదు. మాది పాకాల వైపు. మా పుట్టింటివాళ్లకు గానుగ ఉంది. బెల్లం పెనంలో రెండు రకాల మార్పులూ ఒకేసారి జరుగుతుంటాయి. నీళ్లు ఆవిరైపోవడం భౌతిక మార్పు, దాన్ని తొందరపెట్టాలి. చక్కెర విరిగిపోవడం రసాయన మార్పు, దాన్ని ఆపాలి. పాకం చూసే మనిషి పనితనమంతా ఇందులోనే ఉంది. ఆ పనే మీ ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద చేసి చూడొచ్చు. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. పాకం చర్మం మీద పడితే అంటుకుపోతుంది, మరిగే నీళ్లకంటే ఎక్కువ కాలుస్తుంది.

రసం రెండు లీటర్లు తెచ్చుకోండి. బండి దగ్గర నిలబడి, నిమ్మకాయ, అల్లం, ఐసు ఏవీ వెయ్యొద్దని చెప్పి పట్టించుకోండి. తెచ్చిన వెంటనే పని మొదలుపెట్టాలి. రసాన్ని అలా వదిలేస్తే కొన్ని గంటల్లోనే పులుపు వాసన కొడుతుంది. సూక్ష్మజీవులు చక్కెరను తింటూ ఆమ్లాలు తయారుచేస్తాయి, అదొక రసాయన మార్పు. నరికిన చెరకును మర్నాటి దాకా ఉంచకుండా గానుగాడించేది కూడా చక్కెర విరక్కుండా ఉండడానికే. పల్చటి గుడ్డలో వడకట్టండి. వడకట్టడంలో కొత్త పదార్థమేదీ పుట్టదు.

ఇప్పుడు చెరో లీటరు రెండు గిన్నెల్లో పోయండి. మొదటి గిన్నెకు సున్నపు తేట కావాలి. వక్కాకుకు వాడే సున్నాన్ని నీళ్లలో కలిపి, అడుక్కి దిగాక పైన తేరిన నీటిని అర గ్లాసు తీసుకుని, కొంచెం కొంచెంగా కలపండి. చెరకు రసం కాస్త ఆమ్లమే, పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, 7 కంటే తగ్గితే ఆమ్లం) 5కు కొంచెం పైన ఉంటుంది. సున్నం ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, రసంలోని ఫాస్ఫేటుతో కలిసి కరగని పదార్థంగా మారి మడ్డిని పట్టుకుంటుంది. ఎక్కువైందేమో తెలుసుకోవాలంటే పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద ఒక చుక్క వేయండి. పసుపు ఎర్రబడితే సున్నం మించినట్టే. అలా మించితే బెల్లం నల్లబడుతుంది. రెండో గిన్నెలో రెండు నిమ్మకాయలు పిండండి. ఈ గిన్నెలో చక్కెరను మనమే కావాలని చెడగొడుతున్నాం.

రెండింటినీ పొయ్యి మీద పెట్టండి. మరుగు రాకముందే మొదటి గిన్నెలో మురికి ఆకుపచ్చ రంగు తెట్టు కడుతుంది. వేడికి కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడినట్టే రసంలోని ప్రోటీన్లు గట్టిపడి, మడ్డిని వెంటేసుకుని పైకి తేలతాయి. గట్టిపడిన ప్రోటీను చల్లారినా మళ్లీ రసంలో కలవదు. తెట్టును జల్లిగరిటెతో ఓపిగ్గా తీసేయండి. ఇక్కడ తొందరపడితే బెల్లం మడ్డిగానే ఉంటుంది. మా వైపు కొందరు బెండకాయ జిగురు కూడా వేస్తారు, అది తెట్టును ఇంకా బాగా లాగుతుంది.

తర్వాత మొదటి గిన్నె కింద మంట పెంచండి, రెండోదాన్ని సన్నటి మంట మీదే ఉంచండి. ఇక్కడ పిల్లలు తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. చల్లటి స్టీలు పళ్లేన్ని పట్టకారుతో పట్టుకుని ఆవిరికి అడ్డంగా పెట్టండి. అంచున చేరిన చుక్కల్ని చెంచాలోకి జార్చి, చల్లారాక రుచి చూపించండి. తీపి ఉండదు. రసంలో ఉన్న నీళ్లు నీళ్లుగానే బయటికొచ్చాయి, చక్కెర గిన్నెలోనే ఉంది. భౌతిక మార్పుకు నేను చూపించే అసలైన సాక్ష్యం ఇదే.

నీళ్లు తగ్గేకొద్దీ నురగ పొంగుతుంది. ఒక చుక్క చెనక్కాయ నూనె వేస్తే అణుగుతుంది. వంటకు వాడే థర్మామీటరు ఉంటే చూస్తూ ఉండండి. 100 డిగ్రీల దగ్గర మొదలైన మరుగు 105, 110 దాటి పైకి పోతుంది. కరిగిన చక్కెర చిక్కబడేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. 116 నుంచి 118 మధ్యకు రాగానే దించేయాలి. థర్మామీటరు లేకపోతే చల్లటి నీళ్లలో చుక్క వేసి చూడండి. వేలితో నొక్కితే గట్టి ఉండ కట్టాలి, అరిసెల పాకం కంటే ముదురు. మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్ మీద చేసేవాళ్లకు అన్ని అంకెలూ నాలుగు డిగ్రీల దాకా తక్కువొస్తాయి. అక్కడ ఎత్తు సుమారు 1,265 మీటర్లు, నీళ్లే 96 దగ్గర మరుగుతాయి. అందుకని అక్కడ నీళ్ల పరీక్షనే నమ్మండి.

దించిన పాకాన్ని చెక్క గరిటెతో గిన్నె గోడకేసి రుద్దుతూ కలపండి. ఇక్కడ కళ్లు తిప్పుకోవద్దు. మెరుస్తున్న పాకం ఉన్నట్టుండి మసకబారుతుంది, గరిటె బరువెక్కుతుంది, అంచుల్లో ఇసుకలాంటి పలుకు తగులుతుంది. చక్కెర అణువులు వరస కట్టి స్ఫటికాలుగా మారుతున్నాయి. కొత్త పదార్థం ఏమీ పుట్టలేదు, రసంలో కరిగి ఉన్న చక్కెరే, అంటే సుక్రోజే, ఇప్పుడు గట్టిపడింది. పలుకు రాగానే నెయ్యి రాసిన గిన్నెలో పోసేయండి, ఆలస్యమైతే గరిటెకే గడ్డ కడుతుంది. లీటరు రసానికి 150 నుంచి 200 గ్రాముల బెల్లం రావచ్చు.

నిమ్మకాయ పిండిన రెండో గిన్నెను సన్నటి మంట మీద గంటకు తగ్గకుండా కాచి, అదే పాకానికి తెచ్చి, అలాగే కలపండి. ఎంత కలిపినా జిగటగా సాగుతుంది తప్ప మొదటిదానిలా గడ్డ కట్టదు. ఆమ్లం, వేడి కలిసి చాలా సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టేశాయి. తేనెలో ఎక్కువగా ఉండే చక్కెరలు ఈ రెండే. రంగులో, తీపిలో పెద్ద తేడా లేకపోయినా లోపలి పదార్థం మారిపోయింది. పిల్లల్ని రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టుకుని పట్టి చూడమనండి.

ఇంకొక్కటి మిగిలింది. పొడి స్టీలు చెంచాలో కాస్త చక్కెర వేసి మంట మీద పెట్టండి. కరిగి, ఎర్రబడి, నల్లబడి, చేదు పొగ వస్తుంది. కిటికీలు తెరిచి, చల్లటి పళ్లేన్ని మళ్లీ పైన అడ్డం పెట్టండి. మళ్లీ తడి చేరుతుంది. చెంచాలో వేసింది పొడి చక్కెరే కదా, ఈ నీళ్లెక్కడివి? చక్కెర అణువే విరిగి, అందులోని హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్లయ్యాయి, బొగ్గు మిగిలింది. మొదట పళ్లేనికి చేరిన నీళ్లు రసంలో ముందే ఉన్నవి, ఇవి ఇప్పుడే పుట్టినవి. ఈ తేడా పట్టుకున్న పిల్ల ఏ పరీక్షలోనూ తడబడదు.

బెల్లం కొనేటప్పుడు కూడా ఈ చూపు పనికొస్తుంది. పసుపుపచ్చగా మెరిసే బెల్లాన్ని చూసి శుభ్రమైనదని మోసపోకండి. సోడియం హైడ్రోసల్ఫైట్, అంటే గానుగల దగ్గర హైడ్రోస్ అనే పొడి వేస్తే రంగు పదార్థాలు రసాయనికంగా మారి తెల్లబడతాయి. మడ్డి ఎక్కడికీ పోదు, పైగా గంధకపు అవశేషం మిగులుతుంది. మన ఆహార భద్రతా నియమాల ప్రకారం బెల్లంలో సల్ఫర్ డయాక్సైడు కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదు. మన చిత్తూరు నల్లబెల్లాన్ని రంగు చూసి పక్కన పెట్టేయకండి, ముక్క నోట్లో వేసుకుని ఇసుక తగలకుండా కరుగుతుందో లేదో చూసుకోండి.

మీరు కాచిన బెల్లాన్ని మూత బిగుతుగా పట్టే డబ్బాలో పెట్టండి. వానాకాలంలో బెల్లం చెమర్చేది అందులోని ఫ్రక్టోజు గాలిలో తేమను పీల్చుకోవడం వల్లే. చెమర్చిన వెంటనే ఎండలో ఆరబెడితే సరిపోతుంది. పులుపు వాసన వచ్చిందంటే మాత్రం ఎండబెట్టినా లాభం లేదు, పారేయండి.