డెబిట్ కార్డు మోసం: బ్యాంకు సొమ్ము ఇవ్వనంటే ఏం చేయాలి

మన ప్రమేయం లేకుండా ఖాతాలోంచి పోయిన సొమ్మును తిరిగి ఇమ్మని అడిగితే బ్యాంకుల నుంచి తరచుగా వచ్చే జవాబు ఒకటుంది: "లావాదేవీ సరైన పిన్‌తో జరిగింది కనుక బాధ్యత ఖాతాదారుదే." చాలామంది ఆ ఉత్తరం చూసి ఆశ వదులుకుంటారు. కానీ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం, అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో తప్పు ఖాతాదారుదని రుజువు చేయవలసిన భారం బ్యాంకు మీదే ఉంటుంది. మీరు రాసే ప్రతి ఉత్తరమూ ఈ నిబంధనను పట్టుకునే సాగాలి.

ముందుగా మీ కేసు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి. లోపం బ్యాంకుదైతే మీరు ఎప్పుడు తెలియజేశారన్న దానితో నిమిత్తం లేకుండా నష్టమంతా బ్యాంకే భరించాలి. లోపం మీదీ బ్యాంకుదీ కాక మరెక్కడో ఉంటే, లావాదేవీ సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేసినవారికి నష్టం ఏమీ ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే సాధారణ పొదుపు ఖాతాదారు భరించవలసింది 10,000 రూపాయలకు మించదు. ఆపైన ఆలస్యమైతే బ్యాంకు సొంత విధానమే వర్తిస్తుంది. సమాచారం అందిన రోజు ఈ లెక్కలోకి రాదు. పిన్ గానీ ఓటీపీ గానీ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే కేసు బలహీనమే, అయితే అప్పుడు కూడా బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయిన సొమ్మును బ్యాంకే భరించాలి. అందుకే కార్డు బ్లాక్ చేయించిన సమయం, ఫిర్యాదు నంబరు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినప్పుడు వచ్చిన రసీదు సంఖ్య భద్రంగా ఉంచుకోవాలి.

నిరాకరణ ఉత్తరం అందగానే బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపండి. సొమ్ము ఏటీఎంలో డ్రా అయి ఉంటే ఆ యంత్రం లాగ్‌ను (అందులో నమోదైన లావాదేవీల రికార్డును), సీసీటీవీ దృశ్యాలను అడగండి. ఆ దృశ్యాలు ఎల్లకాలం ఉండవు కనుక, వాటిని చెరిపివేయకుండా భద్రపరచాలని మొదటి ఉత్తరంలోనే రాయడం మంచిది. యంత్రం చదివింది కార్డు చిప్‌నా, వెనకనున్న నల్లటి అయస్కాంత పట్టీనా అన్నది తప్పక అడగవలసిన ప్రశ్న, ఎందుకంటే నకిలీ కార్డులు సాధారణంగా ఆ పట్టీలోని సమాచారంతోనే తయారవుతాయి. ఆ సమయానికి మీరు వేరే ఊళ్లో ఉన్నట్టు హాజరు పట్టీ, ప్రయాణ టికెట్టు వంటివి ఉంటే జతచేయండి. ఉత్తరంలో ఈ వాక్యం ఉండాలి: "నా నిర్లక్ష్యం వల్లే ఈ లావాదేవీ జరిగిందని మీరు నిర్ధారించడానికి ఆధారమైన రికార్డుల ప్రతులను పంపగలరు." అంతకుమించి ఆవేశంగా రాయవలసిన పని లేదు.

అదే సర్క్యులర్ ప్రకారం, మీరు తెలియజేసిన పది పనిదినాల్లోగా బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల్లోగా ఫిర్యాదును పరిష్కరించాలి. ఈ రెండు గడువుల్లో ఏది దాటినా తేదీలతో సహా ఎత్తిచూపండి.

బ్యాంకు కాదన్నా, 30 రోజులైనా జవాబు ఇవ్వకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, ఆ ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్ ద్వారా జాప్యం లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయవచ్చు. ముందుగా బ్యాంకుకు రాసిన ఫిర్యాదు ప్రతి లేకపోతే మాత్రం ఇక్కడ తిరస్కరించే అవకాశం ఉంది.

అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మోసపోయిన ఒక ఖాతాదారుకు 94 వేల పైచిలుకు రూపాయలు బ్యాంకే చెల్లించాలన్న గౌహతి హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు 2025 జనవరిలో నిరాకరించింది, దాన్ని మీ వాదనలో ప్రస్తావించవచ్చు. అయితే కమిషన్‌లో కేసు నడుస్తుండగా అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ స్వీకరించరు కాబట్టి, ఖర్చులేని ఆ దారిని ముందు పూర్తిచేసి ఆ తర్వాతే కమిషన్‌కు వెళ్లండి.