ఉప్పునీటి సేద్యం – 4వ పాఠం: రాజ్మా మొక్కకు కాస్త జిప్సం

పోయిన పాఠంలో ఇసుక కుండీల్లో నాటమన్న రాజ్మా గింజలు ఈపాటికి జంట ఆకులు విప్పి ఉంటాయి. కూరకు తెచ్చుకునే బీన్స్ కాయలదీ, ఈ గింజలదీ ఒకే జాతి. దానికి ఉప్పు బొత్తిగా గిట్టదు. జిప్సంలో ఉండే కాల్షియం మొక్కను ఉప్పు దెబ్బ నుంచి కాపాడుతుందా అని చూసే ఈ పరీక్షకు దాన్ని ఎంచుకున్నది అందుకే.

రెండు బకెట్లలో పదేసి లీటర్ల నీళ్లు పట్టండి. వాన నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో అయితేనే పనికొస్తాయి. బోరు నీటిలో కాల్షియం ముందే ఉంటుంది. అది ఆలోచించక నేను మొదటిసారి బోరు నీళ్లే వాడాను. రెండు కుండీలూ ఒకేలా కనిపించేసరికి జిప్సం ఉత్త దండగని తేల్చేశాను.

బకెట్టుకు 10 గ్రాముల 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) కలపండి. మొదటి బకెట్లో 1 గ్రాము జిప్సం, రెండోదానిలో 5 గ్రాములు వేయండి. అది పంచదారలా కరగదు. రాత్రంతా ఉంచి మధ్యమధ్య కలుపుతూ ఉండాలి. మొదటి దానికి ఆ ఒక్క గ్రాము మాత్రం ఎందుకంటారా? కాల్షియం అసలే లేకపోతే చిగురు దానంతటదే మాడిపోతుంది, నింద ఉప్పు మీద పడుతుంది.

ఇక ఉప్పు. ఒక్కసారిగా వద్దు, రెండు బకెట్లలోనూ రోజుకు 10 గ్రాముల చొప్పున మూడు రోజులు వేయండి. ఒక్కో బకెట్టు నీళ్లు ఒక్కో కుండీకి, రోజూ కుండీ అడుగు నుంచి కారేదాకా పోయాలి. లేకపోతే ఇసుకలో ఉప్పు పేరుకుని లెక్క తప్పుతుంది.

ఇది నా సొంత ఆలోచన కాదు. 1969లో కాలిఫోర్నియాలో లాహే, ఎప్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు బీన్స్ మొక్కల మీద చేసిన ప్రయోగానికి ఇంటి రూపం. సముద్రపు నీటిలో దాదాపు పదోవంతు ఉప్పున్న ద్రావణంలో వారం రోజులు పెంచితే, కాల్షియం చాలని మొక్కల ఆకుల్లోకి సోడియం చొరబడింది. చాలినంత ఉన్నవి నిలదొక్కుకున్నాయి. వేరు కణాల పొరను బిగువుగా ఉంచేది కాల్షియం. సోడియం ఎక్కువైతే దాన్ని పక్కకు నెట్టి ఆ చోటు తాను ఆక్రమిస్తుంది. అప్పుడు పొర వదులై పొటాషియం బయటికి కారిపోతుంది, సోడియం లోపలికి వస్తుంది.

వారం తర్వాత ముదురాకుల అంచులు చూడండి. అక్కడ మాడితే ఉప్పు దెబ్బ. లేత చిగురు ముడుచుకుంటే కాల్షియం కొరత, ఎందుకంటే అది ముదురాకుల నుంచి చిగురుకు తరలిపోదు. రెండో కుండీ కూడా మంచినీటి మొక్కంత ఏపుగా ఎదగదు. ఉప్పు నీటిని పీల్చుకోవడంలో వేరు పడే కష్టాన్ని జిప్సం తీర్చలేదు.

ఇది చూసి పొలానికి జిప్సం బస్తాలు తోలకండి. కారుచౌడుకు (మట్టికి సోడియం పట్టిన నేల) అది మందు, పాలచౌడుకు (ఉప్పు పేరుకున్న నేల) కాదు. వచ్చే పాఠంలో ఆ రెండింటినీ వేరు చేద్దాం. మీ పొలం మట్టి పిడికెడు ఆరబెట్టి ఉంచండి.